వాహన సందేహాలు: పాత కారులో కొత్త ఊరికి

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. బదిలీల మీద, పిల్లల ఉద్యోగాల కోసం ఊరు మారేవాళ్ల ఉత్తరాలే ఈసారి ఎక్కువ. అందుకే పాత కారుతో దూర ప్రయాణం గురించిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది 2012 శాంత్రో జింగ్. తిరిగింది 58 వేల కిలోమీటర్లే. రెండేళ్లుగా రైతుబజారుకు, గుడికి తప్ప బయటికి తీయలేదు. మే నెలలో మా అబ్బాయి దగ్గరికి పుణె మారిపోతున్నాం. ఆయిల్ మార్చుకుని వెళ్లిపోవచ్చని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? (బ్రాడీపేట, గుంటూరు)

వెళ్లొచ్చు, కాకపోతే ఆయిల్ ఒక్కటి మార్చి కాదు. 58 వేలే తిరిగిందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఇనుము తిరిగితే అరుగుతుంది కానీ రబ్బరు నిలబెట్టి ఉంచినా ఎండిపోతుంది. మీ కారులో అనుమానించాల్సింది ఇంజన్‌ని కాదు. బెల్టులు, టైర్లు, హోస్ పైపులు, ఆయిల్ సీళ్లు, బుష్‌లు చూసుకోవాలి. ఊళ్లో ఐదు కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చే కారులో వాటి లోపం బయటపడదు. మే ఎండలో దాదాపు 850 కి.మీ. ఏకధాటిగా నడిస్తే మాత్రం బయటపడుతుంది.

అన్నిటికంటే ముందు టైమింగ్ బెల్టు, అంటే పిస్టన్లతో లయ తప్పకుండా వాల్వులను నడిపే బెల్టు. మీ కారు 1.1 లీటర్ల ఇంజన్‌లో ఉన్నది చైను కాదు, రబ్బరు బెల్టు. 60 వేల కి.మీ. లేదా ఐదేళ్లు, ఏది ముందైతే అప్పుడు మార్చడం మంచిది. మీ కారుకు ఎప్పుడు మార్చారో బిల్లు దొరక్కపోతే మార్చలేదనే అనుకోండి. నడుస్తుండగా అది తెగితే ఇంజన్ అక్కడికక్కడే ఆగుతుంది, పిస్టన్లు తగిలి వాల్వులు వంగే ప్రమాదమూ ఉంది. అప్పుడు హెడ్ (ఇంజన్ పై భాగం) దించాల్సి వస్తుంది. బెల్టు ఒక్కటే వేయించి ఊరుకోవద్దు. దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు కూడా మార్చాలి. కవరు విప్పినప్పుడే క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు కారుతున్నాయేమో, వాటర్ పంపు దగ్గర తడి ఉందేమో చూడమనండి. సీలు నుంచి ఆయిల్ పడితే కొత్త బెల్టు కూడా నెలల్లో పాడైపోతుంది. బయటి వైపు ఉండే డైనమో, ఏసీ బెల్టులకు పగుళ్లుంటే అవీ అప్పుడే మార్చేయండి.

తర్వాత టైర్లు. గీతలు లోతుగా ఉన్నాయి కదా అని మోసపోవద్దు. టైరు పక్కన ‘డాట్’ అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 1417 అని ఉంటే 2017లో 14వ వారంలో తయారైందని అర్థం. ఆ అంకెలు ఒక్కోసారి లోపలి వైపుకు ఉంటాయి, టార్చి పట్టుకుని కారు కింద వంగి చూడాలి. ఆరేళ్లు దాటి, పక్క గోడ మీద వెంట్రుక మందం పగుళ్లు కనిపిస్తే ఆ టైర్లతో హైవే ఎక్కొద్దు. కొత్తవి వేయించేటప్పుడు రబ్బరు వాల్వులు కూడా కొత్తవే వేయించండి. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ తప్పనిసరి. స్టెప్నీ వయసూ చూడండి. కారుతో పాటు వచ్చిన 2012 నాటి స్టెప్నీ ఇప్పటికీ డిక్కీలో ఉంటే అది లేనట్టే లెక్క.

పెట్రోలు సంగతి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2012 నాటి రబ్బరు పైపులు, సీళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉన్న పెట్రోలులో నీరు చేరే అవకాశం ఉంది. ఉన్నది ఊళ్లోనే తిరిగి ఖర్చు చేసి, తాజాది పోయించి, ఫ్యూయల్ ఫిల్టర్ మార్పించండి. ఇంజన్ దగ్గర పెట్రోలు పైపును వేళ్లతో వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. పొద్దున్నే బానెట్ తీయగానే పెట్రోలు వాసన వస్తే ఆ పైపు మార్చేదాకా కారు కదిలించకండి.

బ్రేకుల్లో ప్యాడ్లు 3 మిల్లీమీటర్ల కంటే పలచబడితే కొత్తవి వేయించండి. వెనక డ్రమ్ములు విప్పించి వీల్ సిలిండర్ కారుతోందేమో చూడాలి. నిలబడి ఉన్న కార్లలో ఇది తరచూ కనిపించే లోపం. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకు పైబడితే మొత్తం తీసి కొత్తది పోయాలి. అది తేమ పీల్చుకుంటుంది. వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. బ్యాటరీకి మూడు నాలుగేళ్లు నిండితే లోడ్ టెస్టు చేయించండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మీటరు 13.8 నుంచి 14.4 వోల్టులు చూపిస్తే డైనమో బాగున్నట్టు. ఎలుకలు కొరికిన వైర్లుంటే టేపు చుట్టి వదిలేయకుండా అతికించి స్లీవ్ వేయించండి. ముందు చక్రాల యాక్సిల్ బూట్లు (రబ్బరు తొడుగులు) చిరిగితే లోపలి గ్రీజు బయటికి చిమ్ముతుంది. బూటు ఖర్చు తక్కువ, యాక్సిల్ ఖర్చు ఎక్కువ.

వద్దనేవి కూడా ఉన్నాయి. పాత ఇంజన్‌కు ప్రయాణం ముందు ‘ఇంజన్ ఫ్లష్’ చేయించొద్దు. ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా కదిలి ఆయిల్ దారుల్లో అడ్డుపడుతుంది. మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టర్ చాలు. సజావుగా నడుస్తున్న గేర్‌బాక్సునూ విప్పించకండి.

ఈ పనులన్నీ బయలుదేరడానికి నాలుగు వారాల ముందే అయిపోవాలి. గుంటూరులో దొరకని విడిభాగం విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో దాదాపు దొరుకుతుంది. కానీ తెప్పించి బిగించడానికి టైం పడుతుంది. గ్యారేజీ నుంచి నేరుగా పుణె బయలుదేరొద్దు. చేయి పడిన చోటే లోపం వస్తుంది. క్లిప్పు వదులుగా ఉండొచ్చు, నట్టు బిగించడం మరిచిపోయి ఉండొచ్చు. అందుకని ముందు ఒంగోలు దాకా వెళ్లి రండి, రానూపోనూ 200 కి.మీ. పైనే. ఇంటికి చేరాక కారు కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి, ఎక్కడ కారినా మచ్చ పడుతుంది. ఇంకోరోజు కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కించండి. మూడో గేరులో ఎక్కుతుండగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతున్నట్టు.

దారి తేలికే. విజయవాడ నుంచి పుణె దాకా జాతీయ రహదారి 65. దీన్ని రెండు రోజులు చేయండి. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి మొదటి రోజు జహీరాబాద్ దగ్గర ఆగండి, దాదాపు 400 కి.మీ. అవుతుంది. రెండో రోజు షోలాపూర్ మీదుగా పుణె. 80 దాటొద్దు. 11 నుంచి 3 దాకా నీడన ఉంచండి, కారుకూ మీకూ.

ప్రశ్న: వచ్చే నెల నాగపూర్ బదిలీ. నా 2010 కారు హైవే మీద బాగానే ఉంటుంది కానీ ఏసీ వేసుకుని కాజ టోల్ దగ్గర క్యూలో ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది. కదలగానే దిగుతుంది. (పటమట, విజయవాడ)

రోగం ఎక్కడుందో మీరే చెప్పేశారు. ఆగినప్పుడు వేడెక్కి, కదిలితే చల్లబడుతోందంటే రేడియేటర్‌కు గాలి అందడం లేదు. అంటే ఫ్యాన్ లోపం, లేదా రేడియేటర్ బయట మట్టి. దీనికి తిరగబడి, అంటే వేగంగా పోతుంటే వేడెక్కి ఆగితే దిగితే, రేడియేటర్ లోపల పూడుకుపోవడమో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక నీటిని రేడియేటర్‌కు వదిలే వాల్వు) పూర్తిగా తెరుచుకోకపోవడమో అయ్యుండేది.

ఇంజన్ నడుపుతూ ఏసీ వేయండి. చాలా కార్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. తర్వాత ఏసీ ఆపి అలాగే వదిలేస్తే 10, 15 నిమిషాల్లో ముల్లు సగం దగ్గరికి వచ్చేసరికి ఫ్యాన్ దానంతటదే మొదలవ్వాలి. మొదలవకపోతే ముందు ఫ్యూజు చూడండి. అది బాగుంటే, అదే నంబరున్న హార్న్ రిలే (కరెంటును కలిపే చిన్న స్విచ్చు) తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టండి. అప్పుడు తిరిగితే రిలే మార్చుకుంటే సరి. అప్పటికీ తిరగకపోతే మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇమ్మనండి. నేరుగా ఇస్తే తిరుగుతోందంటే సెన్సర్ లేదా వైరింగ్. తిరుగుతోంది కానీ నీరసంగా ఉందంటే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, అలాంటి మోటారును నమ్ముకుని నాగపూర్ ఎండలోకి పోవద్దు. ఈ పరీక్షలప్పుడు రెక్కలకు చెయ్యి దూరంగా ఉంచాలి, అది చెప్పకుండా తిరుగుతుంది.

ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య సందులో టార్చి వేసి చూడండి. పత్తి లారీల వెనక తిరిగిన కార్లలో అక్కడ దూది, మట్టి కలిసి దుప్పటిలా పట్టి ఉంటుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్లతో కడగాలి. ప్రెషర్ గన్ పెడితే సన్నని రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది.

రేడియేటర్ మూత విలువ చాలామందికి తెలియదు. కుక్కర్‌కు గ్యాస్కెట్ ఎలాంటిదో దీనికి రబ్బరు సీలు అలాంటిది. ఒత్తిడి నిలిస్తేనే లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. సీలు గట్టిపడితే మూత మార్చండి. ఇక బోరు నీళ్లు పోసే అలవాటు మానండి, గార కట్టి లోపలి గొట్టాలు పూడిపోతాయి. కూలెంట్ చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం, కలిపి అమ్మేదైతే అలాగే పోయాలి. రెండు రంగులవి కలపొద్దు.

దారిలో ముల్లు ఎర్రగీత దగ్గరికొస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేసి, నీడ చూసుకుని ఆపండి. అరగంటకు ముందు మూత ముట్టొద్దు. కాలుతున్న ఇంజన్ మీద చల్లనీళ్లు కుమ్మరిస్తే హెడ్ వంకరపోతుంది.

ప్రశ్న: లారీ ఖర్చు తగ్గుతుందని వెనక సీటు మడిచి సామాను నింపి, పైన క్యారియర్ మీద రెండు ట్రంకు పెట్టెలు కడదామనుకుంటున్నాం. పరవాలేదా? (తెనాలి)

ట్రంకు పెట్టెలు మాత్రం వద్దు. పైన బరువుంటే మలుపులో, సడెన్ బ్రేకులో కారు తూలుతుంది. మాన్యువల్లోని గ్రాస్ వెయిట్ (నిండు లోడుతో కారు ఉండగల గరిష్ఠ బరువు) నుంచి ఆర్సీలోని అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ కారు బరువు) తీసేస్తే మనుషులతో సహా మీరు మోయించగలిగేది ఎంతో తేలుతుంది. బరువైనవి కింద, ముందు సీట్లకు ఆనించి పెట్టండి. కిటికీ అంచు దాటి పేర్చకండి. ఫుల్ లోడుకు టైర్ల గాలి వేరే ఉంటుంది, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చూసి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. వెనక కుంగితే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి, లెవలింగ్ మీట ఉంటే తిప్పండి. పుస్తకాలు పార్సిల్లో వేయండి. గ్యాస్ సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో అప్పగించి కాగితం తీసుకోండి, కారులో పెట్టొద్దు.

ఆవకాయ సంగతి అడగకపోయినా చెబుతాం. పింగాణీ జాడీ కాకుండా మరమూత ఉన్న డబ్బాల్లో, ముప్పావు వంతే నింపి, ప్లాస్టిక్ టబ్బులో నిలబెట్టండి. కుదుపులకు ఊట పొంగుతుంది. ఉప్పు, నూనె కార్పెట్ కిందికి దిగితే నేల రేకు తుప్పు పడుతుంది.

ప్రశ్న: ఏపీ 07 నంబరు కారు. కాగితాల పని ఎలా? ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇప్పుడే తీసుకోవాలా? (కొత్తపేట, గుంటూరు)

వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ రిజిస్టర్ చేయించాలన్నది మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. దానికి మన ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి. చలానాలన్నీ కట్టేయండి. లోను తీరిపోయి ఉంటే ముందు ఫారం 35తో ఆర్సీలో బ్యాంకు పేరు తీయించండి. చాసిస్ నంబరు పెన్సిల్ ముద్రలు నాలుగైదు తీసి ఉంచుకోండి. ఎన్‌ఓసీ తీసుకున్నాక ఇక్కడ మరే లావాదేవీ జరగడం కష్టం, కాబట్టి మారడం ఖాయమయ్యాకే దరఖాస్తు చేయండి. అక్కడ ఫారం 27తో పాటు పన్ను కట్టాలి. కొత్త ఆర్సీ వచ్చాక దాని నకలుతో ఇక్కడ మిగిలిన లైఫ్ ట్యాక్సు వాపసు అడగవచ్చు. కొత్త నంబరును ఇన్సూరెన్సులో, ఫాస్టాగ్‌లో మార్పించడం మరవొద్దు. 15 ఏళ్లు దగ్గరపడిన కారైతే ఆర్సీ రెన్యువల్‌కు ఫారం 25, గడువుకు 60 రోజుల ముందు నుంచి ఇవ్వవచ్చు.

ప్రశ్న: కారును క్యారియర్ లారీలో పంపితే? (భవానీపురం, విజయవాడ)

ఒంటరిగా నడపాల్సి వస్తే అదే మేలు. పెట్రోలు పావు ట్యాంకు చాలు. లోపల సామాను పెట్టొద్దు. నాలుగు వైపులా, కింద బంపర్లు, మీటరు రీడింగు ఫొటోలు తీసి, గీతలన్నీ రసీదులో రాయించి సంతకం తీసుకోండి. ట్రాన్సిట్ ఇన్సూరెన్సు రాతపూర్వకంగా అడగండి. టోల్ గేట్లలో మీ ఫాస్టాగ్ చదివి డబ్బు కోయకుండా దాని మీద అల్యూమినియం ఫాయిల్ అంటించండి.

ప్రశ్న: సీఎన్‌జీ కిట్ ఉంది. అదనంగా ఏమైనా? (మంగళగిరి)

సిలిండరుకు హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) మూడేళ్లకోసారి. ప్లేటు మీద తేదీ చూడండి. కిట్ ఆర్సీలో నమోదై ఉండాలి, లేకపోతే ఎన్‌ఓసీ దగ్గరే ఆగిపోతుంది.

ప్రశ్న: దారికి వెంట ఏమేం పెట్టుకోవాలి? (చిలకలూరిపేట)

డైనమో బెల్టు, పై రేడియేటర్ హోసు, దానికి రెండు క్లిప్పులు, 10, 15, 20 ఆంపియర్ల ఫ్యూజులు, ఒక హెడ్‌లైట్ బల్బు, లీటరు ఇంజన్ ఆయిల్, రెండు లీటర్ల కూలెంట్, జంపర్ కేబుళ్లు, లాగే తాడు, టార్చి, గాలి కొట్టే చిన్న పంపు. జాకీ, వీల్ పానా ఉన్నాయని చూసి సరిపెట్టుకోకండి. ఇంటి ముందే ఒక చక్రం విప్పి బిగించి చూడండి. టైర్ల షాపులో గాలి గన్‌తో బిగించిన నట్లు మామూలు పానాకు చాలాసార్లు కదలవు. అలాంటివుంటే వదులు చేయించి చేత్తో బిగించుకోండి, 100 కి.మీ. నడిచాక మళ్లీ ఒకసారి బిగించండి.