ఇండోనేషియా కుర్రకారంటే మాల్స్, కొరియన్ పాటలు, ఇన్‌స్టాగ్రామ్ అంతేనా?

ఇండోనేషియా యువత గురించి మీరు అడిగిన ప్రశ్న ఇదే కదా. అంతే కాదండి. ఉద్యోగం పేరుతో కొన్నేళ్ళు జకార్తాలో ఉన్నాను, కళ్ళారా చూసింది చెబుతాను. బాలి సంగతి మాత్రం నన్నడగకండి, అది వేరే లోకం.

అక్కడి పిల్లల అసలు వ్యాపకం కూర్చోవడం. నొంక్రొంగ్ అంటారు. నలుగురూ చేరి, పనేమీ పెట్టుకోకుండా, గంటలకొద్దీ కబుర్లు. ఒకప్పటి మన ఇరానీ హోటళ్ళలోనూ ఇదే జరిగేది, కాకపోతే అక్కడ ఆడపిల్లలూ సమానంగా ఉంటారు. రాత్రి పదింటికి హిజాబ్ వేసుకున్న అమ్మాయిలు ఫుట్‌పాత్ పక్కన ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని పగలబడి నవ్వుతుంటే కొత్తలో నాకు వింతగానే ఉండేది. నేను చూసిన గుంపుల్లో మందు దాదాపు కనబడలేదు. చేతిలో ఉండేది ఐస్ కాఫీ. కాఫీ, పాలు, ఇంచుమించు మన తాటిబెల్లం రుచి ఉండే బెల్లంపాకం. దక్షిణ జకార్తాలోని చిపెతెలో 2015లో మొదలైన తుకు అనే చిన్న కొట్టు దీన్ని బాగా పాపులర్ చేసింది. 2017లో కోపి కెనాంగన్ అనే కాఫీ కంపెనీ కూడా రంగంలోకి దిగింది, ఇప్పుడు ఎటు చూసినా అలాంటి కొట్లే.

అదీ భారమైతే సైకిల్ కాఫీ ఉంది. వెనక ఫ్లాస్కులు, ముందు దండలు దండలుగా వేలాడే సాషేలు. సాషే చించి, పొడి కప్పులో వేసి, వేడినీళ్ళు పోసి, ఆ ఖాళీ సాషేనే మడిచి దాంతోనే గిరగిరా కలిపి చేతికిస్తాడు. ఆరోగ్యానికి మంచిదా అంటే కాదు. కుర్రాళ్ళు వీళ్ళకు పెట్టిన పేరు స్టార్లింగ్, అంటే తిరుగుడు స్టార్‌బక్స్!

నన్ను అడిగితే అక్కడ ట్రెండ్లు పుట్టేది డబ్బున్నవాళ్ళ దగ్గర కాదు. 2022లో జరిగింది చూడండి. చితాయం, బోజొంగ్‌గెదె, దెపోక్ లాంటి శివార్ల నుంచి టీనేజ్ పిల్లలు లోకల్ రైలెక్కి జకార్తా నడిబొడ్డున సుదిర్మాన్ రోడ్డు ఆఫీసుల మధ్య దిగేవాళ్ళు. మొదటి 25 కిలోమీటర్లకు టికెట్ 3,000 రుపియా, అంటే మన పదహారు రూపాయలు. ఉన్న బట్టలే రకరకాలుగా కలిపి తొడుక్కుని అక్కడే ఉన్న దుకుః అతస్ అనే చోట జీబ్రా క్రాసింగ్ మీద ర్యాంప్ వాక్ చేసేవాళ్ళు. సిగ్నల్ పడటం ఆలస్యం, ఒకరి వెనక ఒకరు. అలా చితాయం ఫ్యాషన్ వీక్ అనే పేరు దేశమంతా మోగిపోయింది. అక్కడి ఖరీదైన వ్యాపార కేంద్రం సుదిర్మాన్ సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్ట్‌ను పొట్టిగా ఎస్‌సీబీడీ అంటారు. పిల్లలు దానికి సుదిర్మాన్, చితాయం, బోజొంగ్‌గెదె, దెపోక్ అని కొత్త అర్థం చెప్పి ఏడిపించారు. అప్పటి జకార్తా గవర్నర్ అనీస్ బస్వేదాన్ కూడా వచ్చి నడిచాడు. ఈలోపు నటుడు బైమ్ వాంగ్ కంపెనీ ఆ పేరును ట్రేడ్‌మార్క్ చేసుకోబోయింది! జనం దుమ్మెత్తిపోస్తే దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. తర్వాత ట్రాఫిక్ అడ్డం అని అధికారులు పిల్లల్ని చెదరగొట్టారు. పెద్దవాళ్ళ ఫొటోలయిపోయాక అన్నమాట.

బట్టలకైతే జకార్తాలోని పసర్ సెనెన్ బజారులో సెకండ్‌హ్యాండ్ గుట్టల్లో వెతకడం ఓ సరదా. 2023లో ప్రభుత్వం దిగుమతైన పాత బట్టల మూటలు తగలబెట్టించింది, అయినా మోజు తగ్గలేదు. పాటల్లో కొరియన్ మోజు నిజమే. కానీ 2019లో యాభై దాటిన దిది కెంపొత్ జావా భాషలో పాడిన విరహగీతాలకు ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు ఏడుస్తూ డాన్సు చేశారు. మరుసటేడే ఆయన పోయారు.

అంతా సరదాయే అనుకోకండి. 2025 మొదట్లో "ముందు ఇక్కణ్ణుంచి పారిపోదాం" అనే హ్యాష్‌ట్యాగ్ ఊపేసింది. చదువుకున్నా మంచి ఉద్యోగం దొరకక విదేశాలు చూసుకుందామనే గోల, మనకు కొత్తేం కాదు.

జకార్తా వెళితే మాల్స్ వదిలేసి ఓ శుక్రవారం సాయంత్రం మెట్రోలో బ్లాక్ ఎం వైపు వెళ్ళండి. నోట్లు ముద్రించే సంస్థ పాత ఆవరణలో 2019లో తెరిచిన ఎం బ్లాక్ స్పేస్ అనే కుర్రాళ్ళ అడ్డా అక్కడే. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, సైకిళ్ళ దగ్గర కార్డు నడవదు.