టీకాల గొడవలోకి ఐర్లండ్ ఎలా వచ్చింది?

ప్రశ్న: 2021లో కరోనా టీకాల దగ్గర బ్రిటన్‌కీ యూరోపియన్ యూనియన్‌కీ గొడవైంది కదా, అందులోకి ఐర్లండ్ సరిహద్దు ఎందుకొచ్చింది?

జవాబు: మొదట తేడా వచ్చింది ఫ్యాక్టరీలో. ఆస్ట్రాజెనెకా టీకాలోని వైరస్‌ని పెద్ద ట్యాంకుల్లో, బతికున్న కణాల్లో పెంచుతారు. బెల్జియంలోని సెనెఫ్ ప్లాంటులో దిగుబడి పడిపోయింది. అనుకున్నన్ని డోసులు ఇవ్వలేమని జనవరిలో కంపెనీ యూనియన్‌కి చెప్పేసింది. బ్రిటన్‌కి మాత్రం సరఫరా సాగుతూనే ఉంది. దాంతో జనవరి 29న, అనుమతి లేనిదే టీకాలు బయటికి పంపకూడదని యూనియన్ నిబంధన పెట్టింది.

ఉత్తర ఐర్లండ్ బ్రిటన్‌లో భాగమే. అయినా బ్రెగ్జిట్ (యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) ఒప్పందం ప్రకారం సరుకుల విషయంలో అక్కడ యూనియన్ నియమాలే నడుస్తాయి. యూనియన్ సభ్యదేశమైన ఐర్లండ్ నుంచి లారీ తనిఖీ లేకుండా ఉత్తర ఐర్లండ్‌లోకి దాటిపోతుంది. ఆ దారిన టీకాలు బ్రిటన్‌కి చేరతాయేమోనని, ఆ ఒప్పందంలో ఉత్తర ఐర్లండ్ గురించిన భాగమైన ప్రోటోకాల్‌లోని 16వ అధికరణాన్ని యూనియన్ వాడబోయింది. అవసరమైతే ఒక పక్షం తనంతట తానే ఆ నియమాల్లో కొన్నిటిని పక్కన పెట్టే వీలు అది. డబ్లిన్ (ఐర్లండ్), బెల్‌ఫాస్ట్ (ఉత్తర ఐర్లండ్), లండన్ ప్రభుత్వాలు మండిపడ్డాయి. గంటల్లోనే యూనియన్ వెనక్కి తగ్గింది. ఎన్నో ఏళ్ల హింస తర్వాత తెరుచుకున్న సరిహద్దు అది, దాన్ని అంత తొందరపాటుగా ముట్టుకోవడం పెద్ద తప్పు.

ఎగుమతులు ఆపడమూ అంత తేలిక కాదు. ఫైజర్ టీకా బెల్జియంలోని పూర్స్‌లో తయారయ్యేది. దానికి కావలసిన లిపిడ్లు (కొవ్వు పదార్థాలు) ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి వెళ్లేవి. అంటే ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆధారపడ్డారు. చివరికి ఈ ఎగుమతి నిబంధన కింద మొదట ఆగినవి ఇటలీలోని సుమారు 2.5 లక్షల ఆస్ట్రాజెనెకా డోసులు. అవి బ్రిటన్‌కి కాదు, ఆస్ట్రేలియాకి వెళ్లాల్సినవి.