పాత తలుపు ఫ్లాట్‌లోకి తెచ్చే ముందు

శ్రీకాకుళంలో తాతగారి పెంకుటిల్లు పడగొడుతుంటే టేకు తలుపు, ఇత్తడి బిందెలు దక్కించుకున్నానని, తలుపు నుంచి పొడి రాలుతుంటే టెన్షన్‌గా ఉందని రాశారు కదండీ. ముందు ఆ పొడి సంగతి చూడండి. గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు, కింద పిండిలాంటి పొడి ఉంటే పుచ్చు పురుగు. మట్టి గీతలుంటే చెదలు. టేకులో చేవను, అంటే మధ్యలోని గట్టి చెక్కను, ఇవి అంతగా ముట్టవు, అంచున ఉండే తెల్లచెక్కనే తింటాయి. వడ్రంగితో అది తీయించి, చిల్లుల్లోకి సిరంజితో పురుగుమందు ఎక్కించాకే లోపలికి తెండి. నేను ఆగలేక అలాగే తెచ్చేశాను, మామిడి చెక్క అల్మరాకూ పురుగు పట్టింది.

పాత రంగును పొడిగా గీకించకండి. అప్పటి పెయింట్లలో సీసం ఉండేది. వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితం) తడుపుతూ రుద్దించండి, పిల్లల్ని దూరంగా ఉంచి.

బిందెలు బుడితివని మీ అమ్మగారు అన్నారన్నారు. సారవకోట మండలంలోని ఆ ఊరి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. చింతపండుతో తోమండి గానీ, పేరు చెక్కిన చోట గట్టిగా రుద్దకండి. ఆ వైపే గదిలోకి తిప్పి పెట్టండి.

తలుపును పడుకోబెట్టి టీపాయ్ చేయాలన్న మీ ఆలోచన మాత్రం నాకు నచ్చలేదు. గోడకు బోల్టులు బిగించి నిలబెట్టండి, గొళ్లెం తీయకుండా.