రిపోర్టు నార్మల్ అన్నారు, మరి ఈ డిలీషన్ ఏమిటి?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిది నెలలు. గుండెలో రంధ్రం ఉంది, ఆపరేషన్ చేయాలన్నారు. మొదట కేరియోటైప్ నార్మల్ అని వచ్చింది. తర్వాత మైక్రోఅరేలో 22క్యూ11.2 డిలీషన్ అని రాశారు. ఏది నిజం? తొమ్మిదో నెల టీకా వేయించవచ్చా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండూ నిజమేనమ్మా. డిలీషన్ అంటే 22వ క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లేకపోవడం. సాధారణంగా పోయే ఆ ముక్క సుమారు 30 లక్షల డీఎన్ఏ అక్షరాలంత. క్రోమోజోములను మైక్రోస్కోపులో చూసే కేరియోటైప్ పరీక్షకు అంత చిన్న లోపం అందదు. డీఎన్ఏను ఇంకా సూక్ష్మంగా చూసే మైక్రోఅరే పట్టుకుంటుంది.

ఈ ముక్క లేకపోతే గుండెతో పాటు మరికొన్ని చోట్లా ఇబ్బందులు రావచ్చు. ముందుగా రక్తంలో కాల్షియం చూడాలి. కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు సరిగా పనిచేయక అది పడిపోతే ఫిట్స్ వస్తాయి. అయనైజ్డ్ కాల్షియం, పీటీహెచ్ (ఆ గ్రంథుల హార్మోన్) రక్తపరీక్షలు ఇప్పుడే చేయించండి; ఆపరేషన్‌కు ముందూ తర్వాతా మళ్లీ చూడాలి, ఆపైన ఏటా ఒకసారి. సొంతంగా కాల్షియం సిరప్ మాత్రం పోయకండి, ఎక్కువైతే కిడ్నీలో రాళ్లు పడతాయి.

ఈ పిల్లల్లో రోగనిరోధక శక్తినిచ్చే టీ-కణాలు తక్కువ ఉండొచ్చు; వాటి పరీక్ష అయ్యేదాకా తొమ్మిదో నెలలో వేసే మీజిల్స్-రుబెల్లా వంటి సజీవ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) ఆపి, డాక్టర్‌ని అడిగే వేయించండి. మిగతావి ఆపొద్దు. రక్తం ఎక్కించాల్సొస్తే ఇర్రేడియేట్ చేసినదే (రేడియేషన్ ఇచ్చిన రక్తమే) కావాలని సర్జన్‌కి ముందే చెప్పండి. ఇది చాలామంది మరచిపోయే విషయం.

పాలు ముక్కులోంచి వస్తున్నాయా? అంగిలిలో లోపం ఉందేమో డాక్టర్‌కి చూపించండి.

పదింట తొమ్మిది కేసుల్లో ఇది తల్లిదండ్రుల నుంచి రాదు. మీ తప్పేమీ లేదు. అయినా ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. ఒకరికి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఇది వచ్చే అవకాశం 50 శాతం. నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో కౌన్సెలింగ్ దొరుకుతుంది. రెండు రిపోర్టులూ తీసుకెళ్లండి.