రెండో చరణం రాని పిల్లలు

చిరంజీవి అమ్మాయికి,

ప్రభువు పేర శుభాలు. నీ ఉత్తరం అందింది. చర్చి బ్యాండు పిల్లల మీద నువ్వు రాసిన నవల చదివినవాళ్ల మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, జిరాక్స్ తీసి పంపావు. రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. నీ టెన్షన్ ఎందుకో అర్థమైంది. బరంపురం పాస్టరమ్మగారేమో "దేవుడి మాట పలచబడింది" అన్నారు. మీ వీధి పదో తరగతి కుర్రాడేమో "ప్రార్థన వచ్చినచోటల్లా పేజీ తిప్పేశాను" అన్నాడు. ఎవరి మాట వినాలని అడిగావు.

నాకైతే వాళ్లిద్దరూ ఒకటే చెప్పారనిపించింది. తొమ్మిదో అధ్యాయం మళ్లీ తెరిచి చూడు. కీబోర్డ్ వాయించే అమ్మాయి నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. ఆమె మోకరించింది. తరవాతి వాక్యానికల్లా మనశ్శాంతి వచ్చేసింది. ఏం జరగబోతుందో కుర్రాడికి ముందే తెలిసిపోయింది, అందుకే పేజీ తిప్పాడు. ఆ ప్రార్థనలో బరువు లేదని పాస్టరమ్మగారికి తోచింది. ప్రార్థన రాయడం తప్పు కాదమ్మా. ఆ పిల్లను కాసేపైనా ఏడవనివ్వలేదు నువ్వు. బైబిల్లో 88వ కీర్తన చూడు. మొదటి నుంచి మొరపెట్టుకోవడమే, చివరి వచనం కూడా చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఓదార్పు ఒక్క ముక్క లేదు. అలాంటి కీర్తనకు గ్రంథంలో చోటుంటే, నీ పదహారేళ్ల పిల్ల కోపానికి నవలలో చోటు ఉండదా?

నా మొదటి కథప్పుడు నేనూ అందరి మాటా విన్నాను. సంఘంలో ఒక పెద్దాయన కోప్పడ్డారని కుర్రాడి కోపం తీసేశాను. ఇంకొకరు అడిగారని చివర్లో దేవుడు తనను మార్చాడని కుర్రాడి చేత సాక్ష్యం చెప్పించాను. ఎవరూ తప్పు పట్టలేదు, ఎవరికీ గుర్తూ లేదు. ఆ కథ తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకని పాఠకుల్ని "బాగుందా" అని అడగకు. చదువుతూ చదువుతూ పుస్తకం ఎక్కడ పక్కన పెట్టారో అడుగు. ఏ పేజీ ఇంకొకరికి చదివి వినిపించారో అడుగు. ఆ కుర్రాడే ఇంకో మాట రాశాడు, చూశావా? కరెంటు పోయిన సీను రెండుసార్లు చదివాడట. నేనూ అంతే. క్రిస్మస్ ప్రాక్టీసులో కరెంటు పోతుంది, కీబోర్డ్ మూగబోతుంది. డ్రమ్మర్ ప్యాడ్ వదిలి మూలనున్న పాత ఢోలక్ తెచ్చి, తాళ్ల రింగులు లాగి బిగిస్తాడు. వెనక బెంచీ మామ్మలు పురుషోత్తమ చౌదరి గారి కీర్తన అందుకుంటారు. తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాసిన తొలితరం కవి ఆయన, 1803లో మన సీమలోనే పుట్టిన మనిషి. పల్లవి దాకా బ్యాండు పిల్లలూ పాడతారు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి ఒక్కరికీ రాదు. ఆ చీకట్లో మామ్మల గొంతులే మిగులుతాయి. అక్కడ నువ్వు ఒక్క వ్యాఖ్యానమూ చేయలేదు. పాస్టరమ్మగారు అడిగిన దేవుడు ఆ పేజీలో ఉన్నాడు.

విజయవాడ పాఠకురాలు ఒడియా మాటలు తీసేయమన్నారు. తీయొద్దు. ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గిటారు వాయించే కుర్రాడు సరేననడానికి "హఉ" అనే అంటాడు, సందర్భాన్ని బట్టి చదివేవాళ్లకు తెలిసిపోతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఆ ఊరి పిల్లవై ఉండి నీ పాత్రల నోళ్లు కడిగేయకు. కాకపోతే సవర పాట పాడే అబ్బాయి మాత్రం రెండు పేజీల్లో మాయమైపోయాడు. అది ఎవరూ పట్టుకోలేదు, నేను చెబుతున్నాను.

అచ్చుతప్పుల సంగతి వచ్చే ముద్రణలో చూసుకోవచ్చు.

ముందు తొమ్మిదో అధ్యాయం తిరగరాసి పంపు. ఇంకొకటి. ఆ రాత్రి కరెంటు వచ్చాక అందరూ ఇళ్లకు వెళ్లిపోయారని రాసి వదిలేశావు. ఆ పిల్లల్లో ఎవరైనా మామ్మ దగ్గర కూర్చుని రెండో చరణం నేర్చుకున్నారా? నాకు తెలుసుకోవాలనుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ