కట్టె తరిగే యంత్రానికి బ్లేడు: ఉక్కు సంగతి తర్వాత, ముందు సందు చూడండి

మీరు అడిగింది ఇది. పరకాల దగ్గర పాత డిస్కు చిప్పర్ ఒకటి కొన్నారు. 600 మిల్లీమీటర్ల చక్రం, రెండు బ్లేడ్లు, 10 హెచ్‌పీ మోటారు, నిమిషానికి 900 చుట్లు. మూడంగుళాల లోపు సుబాబుల్ కొమ్మలు, పత్తి కట్టె వేసి బాయిలర్‌కు చిప్పులు చేస్తున్నారు. బ్లేడ్లు రెండు రోజులకే మొద్దుబారుతున్నాయి, ఒకటి విరిగింది కూడా. ఇక బ్లేడ్లు మీరే డిజైన్ చేసి చేయించుకోవాలనుకుంటున్నారు. ఏ ఉక్కు వాడాలి, అంచు కోణం ఎంత, లారీ కమాన్ పట్టీ పనికొస్తుందా?

వరంగల్‌లో లేత్ షాపు నడుపుతూ ఈ బ్లేడ్ల మీద నేను చాలా డబ్బు తగలేశాను. ఆ లెక్కన చెబుతున్నాను.

నా మొదటి జత బ్లేడ్లు కమాన్ పట్టీవే. పాత ఇనుము కొట్లో తూకానికి దొరికింది, కమ్మరి కొలిమిలో కాల్చి నూనెలో ముంచాం, గ్రైండర్ మీద అంచు తీశాం. మొదటి రోజు వెన్న కోసినట్టు కోసింది. నాలుగో రోజు ఒక బ్లేడు బోల్టు రంధ్రం దగ్గర అడ్డంగా చీలింది. పట్టీ ఉక్కు చెడ్డదని కాదు. లారీ కింద ఏళ్ల తరబడి వంగి లేచిన పట్టీలో కంటికి కనపడని వెంట్రుక పగుళ్లు ఉంటాయి. ఆ వయసు మనకు తెలియదు. కొత్త పట్టీ ఉక్కు కొని, సరిగ్గా హీట్ ట్రీట్‌మెంట్ (కాల్చి చల్లార్చి గట్టిపరచడం) చేయిస్తే పచ్చి కట్టెకు పరవాలేదు, కాకపోతే తరచూ సాన పట్టాలి. పాత పట్టీ మాత్రం వద్దు. 900 చుట్లకు మీ బ్లేడు అంచు సెకనుకు సుమారు 26 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 95 కిలోమీటర్లతో తిరుగుతుంది. అందులోంచి ముక్క ఊడితే ఎటు పోతుందో ఊహించుకోండి.

రెండో జత దగ్గర నేనూ అందరిలాగే హెచ్‌సీహెచ్‌సీఆర్ (కార్బన్, క్రోమియం ఎక్కువగా ఉన్న ఉక్కు) మంత్రం పఠించాను. ఏ షాపులో అడిగినా ఆ పేరే చెబుతారు. గట్టిదనం ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకుని 62 ఆర్‌సీ (గట్టిదనం చెప్పే రాక్‌వెల్ అంకె) అడిగి మరీ చేయించాను. ఒక తోటలో పాత వేప కొమ్మ వేశాం. దాని లోపల ఎప్పుడో కొట్టిన మేకు ఉంది. చెట్టు దాని మీద బెరడు కప్పేసింది, మాకు కనపడలేదు. బ్లేడు మూడు ముక్కలైంది. అదృష్టం కొద్దీ మూత మందంగా ఉండబట్టి ముక్కలు లోపలే ఉండిపోయాయి. నేను నేరుగా హీట్ ట్రీట్‌మెంట్ చేసిన షాపుకు పోయి గొడవ పెట్టుకున్నాను. ఆ గొడవలో తప్పు నాదేనని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

తెలియజెప్పింది ఒక పెద్దాయన. మంగపేట దగ్గర కమలాపురంలో రేయాన్ గుజ్జు మిల్లు ఉండేది కదా, 2014లో ఆగిపోయింది. అందులో చిప్పర్ల దగ్గర ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నా విరిగిన ముక్కలు చేతిలోకి తీసుకుని ఉక్కు గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. "బ్లేడు కూర్చునే గద్దె చూపించు బిడ్డా" అన్నాడు. చూపించాను. గోరుతో గీకితే గద్దె మీద గట్టిపడిన జిగురు, పొట్టు పెచ్చులుగా లేచింది. ఒక మూల వెల్డింగ్ చుక్క కూడా ఉంది. అంటే బ్లేడు గద్దె మీద పూర్తిగా ఆనడం లేదు, రెండు చోట్ల ఆని మధ్యలో గాలిలో ఉంది. బోల్టు బిగించినప్పుడే అది వంగింది. మేకు తగలకపోయినా ఇంకో వారంలో విరిగేదే. పైగా జత గుర్తు కోసం నేనే పంచ్‌తో అంకె కొట్టాను. పగులు సరిగ్గా ఆ అంకె దగ్గరే మొదలైంది.

తర్వాత కింది బ్లేడు చూశాడు. కదలకుండా ఉంటుందే, కట్టె ఆని తెగేది, దాని మూల గోళీలా గుండ్రమైపోయి ఉంది. "కత్తెరలో ఒక రెక్క మొద్దుబారితే రెండో రెక్కకు ఎంత సాన పట్టినా బట్ట నలుగుతుంది గానీ తెగదు. నువ్వు ఒక రెక్కకే డబ్బు పెడుతున్నావు" అన్నాడు.

కాబట్టి మీ డిజైను అక్కడి నుంచే మొదలుపెట్టండి. తిరిగే బ్లేడుకూ కింది బ్లేడుకూ మధ్య సందు సుబాబుల్‌కు 0.5 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటే చాలు. ఎక్కువైతే కట్టె తెగకుండా సందులోకి వంగి చిరుగుతుంది. బెరడు నారలు నారలుగా వస్తుంది, మోటారు మూలుగుతుంది, మీరు బ్లేడు మొద్దుబారిందనుకుని సాన పట్టిస్తారు. మీకు రెండు రోజులకే అంచు పోవడానికి సగం కారణం ఇదే అయి ఉండాలి. ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నని రేకు) లేకపోతే పెళ్లి పత్రిక అట్ట ఒకటి తీసుకుని వెర్నియర్‌తో మందం కొలిచి అదే గేజిగా వాడండి. నేను చాలా రోజులు అలాగే చేశాను, మా షాపులో శుభలేఖలకు కొరత ఎప్పుడూ లేదు.

అయితే సందు బిగించే ముందు షాఫ్టు ఆట చూసుకోవాలి. చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ లాగితే ఒక మిల్లీమీటరు కదులుతుందనుకోండి, మీరు అర మిల్లీమీటరు సందు పెట్టిన రోజే రెండు బ్లేడ్లూ ఢీకొంటాయి. పాత యంత్రాల్లో ఇది మామూలు. బేరింగు సరిచేయించండి, చక్రం ముఖం ఎంత వంకర తిరుగుతోందో డయల్ గేజితో చూడండి. ఆ తర్వాతే బ్లేడు. కింది బ్లేడుకు ఓహెచ్‌ఎన్‌ఎస్ (నూనెలో ముంచి గట్టిపరిచే పనిముట్ల ఉక్కు) చదరపు కడ్డీ పెట్టిస్తే నాలుగు మూలలూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి వాడుకోవచ్చు. దానికి వంపు అంచు అక్కర్లేదు, మూల సూటిగా ఉంటే చాలు.

ఇప్పుడు కోణం. చిత్రిక పట్టే వడ్రంగిని ఎవరినైనా అడగండి, అంచు సన్నగా ఉంటే తేలిగ్గా పోతుంది, ముడి తగిలితే పెచ్చు లేస్తుంది అని చెబుతాడు. ఇక్కడా అంతే. కాగితం మిల్లుల్లో శుభ్రమైన దుంగలకు 30 డిగ్రీల దరిదాపు అంచు వాడతారు. మనకు ముడులు, ఎండు కొమ్మలు, మట్టి అన్నీ వస్తాయి కాబట్టి నేను 35 నుంచి 38 మధ్య ఉంచుతాను. ఎండిన సర్కారు తుమ్మ ఎక్కువగా వేసేవారికి 40 ఇస్తాను. 45 దాటితే కోయడం కాదు, నలగ్గొట్టడమే, మీ 10 హెచ్‌పీ సరిపోదు. ఒకే వైపు వంపు ఉండాలి. సాన అయ్యాక సన్నని నూనె రాయితో అంచు మీద రెండు మూడు సార్లు అలా అనాలి. అప్పుడు ఆ చివరి వెంట్రుక మందం అంచు పెచ్చు లేవకుండా నిలుస్తుంది.

అందరూ మరిచిపోయే ఇంకో కోణం ఉంది. బ్లేడు వీపుకూ కట్టె కోసిన ముఖానికీ మధ్య మూడు నుంచి ఐదు డిగ్రీల ఖాళీ ఉండాలి. ఇది గద్దె వాలుతో వస్తుంది, అంచుతో కాదు. ఖాళీ లేకపోతే బ్లేడు వీపు కట్టెను రాస్తూ వెనక్కి తన్నుతుంది, కొమ్మ చేతిలో గంతులేస్తుంది. మరీ ఎక్కువైతే కట్టెను ఒక్కసారిగా లాక్కుంటుంది, మోటారు ఆగిపోతుంది. మీ యంత్రంలో కొమ్మ గంతులేస్తోందా, లాక్కుంటోందా అన్నది గమనిస్తే ఏ వైపు తప్పో మీకే తెలుస్తుంది.

చిప్పు పొడవు మీ చేతిలోనే ఉంది. కట్టెను లోపలికి లాగే రోలర్లు లేని చక్రంలో, ముఖం నుంచి బ్లేడు ఎంత బయటికి వస్తే దాన్ని బట్టి చిప్పు వస్తుంది. కట్టె 45 డిగ్రీల ఏటవాలుగా పోయే గొట్టం అయితే, 12 మిల్లీమీటర్లు బయటికి ఉంచితే చిప్పు సుమారు 17 మిల్లీమీటర్లు వస్తుంది. బాయిలర్‌కు అది బాగానే పనికొస్తుంది. రోలర్లు పెట్టిస్తే లెక్క వేరు. రెండు బ్లేడ్లు, 900 చుట్లు, అంటే నిమిషానికి 1,800 కోతలు. 20 మిల్లీమీటర్ల చిప్పు కావాలంటే రోలరు నిమిషానికి 36 మీటర్లు లాగాలి.

ఉక్కు సంగతికి వస్తాను. మీ పనికి ఓహెచ్‌ఎన్‌ఎస్ 56 నుంచి 58 ఆర్‌సీ సరిపోతుంది, ధర కూడా తక్కువ. హెచ్‌సీహెచ్‌సీఆర్ కావాలంటే వద్దనను, అంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది. అయితే ఆ పేరుతో డీ2, డీ3 అనే రెండు రకాలూ అమ్ముతారు. డీ3లో కార్బన్ రెండు శాతం దరిదాపు, ఒక్కోసారి అంతకు పైనే ఉంటుంది, దెబ్బకు తట్టుకోదు. డీ2 అని స్పష్టంగా అడగండి. 62 అడగకండి, 57 లేదా 58 చాలు. దాదాపు 500 డిగ్రీల దగ్గర రెండుసార్లు టెంపరింగ్ (పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడి చేయడం) చేయించండి. కొలిమిలో అయ్యే పని కాదు. హైదరాబాద్ బాలానగర్ వైపు పంపించాల్సిందే. చేతికి వచ్చాక గట్టిదనం అక్కడే కొలిపించి, ఎంత వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. నా తగువు అంతా ఆ కాగితం లేకపోవడం వల్లే. రంధ్రాలు హార్డెనింగ్‌కు ముందే వేయాలి, వాటి అంచులు మొండి చేయాలి, అంచుకూ రంధ్రానికీ మధ్య రంధ్రం వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉక్కు మిగలాలి. పంచ్‌తో అంకెలు కొట్టవద్దు, రంగు చుక్క పెట్టుకోండి.

బోల్టులకు కక్కుర్తి పడవద్దు. 220 పొడవు, 80 వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లేడు 1.6 కిలోలు దాటుతుంది. మీ వేగంలో అది బయటికి లాగే బలం సుమారు 270 కిలోలు. కోతలో పడే దెబ్బ దీనికి అదనం. 12 మిల్లీమీటర్ల 10.9 గ్రేడు బోల్టులు, టార్క్ రెంచితో 110 న్యూటన్ మీటర్ల దరిదాపు. మామూలు ఇనుప బోల్టులు సాగుతాయి. రెండు బ్లేడ్లనూ తూకం వేసి జత కట్టండి. 40 గ్రాముల తేడా ఉంటే చక్రం సెకనుకు 15 సార్లు ఆరున్నర కిలోల బలంతో బేరింగును తంతుంది. అందుకే ఒక బ్లేడుకు సాన పట్టిస్తే రెండోదానికీ అంతే పట్టించాలి. సాన తగ్గించిన వెడల్పును వెనుక నుంచి సరిచేయడానికి మర స్క్రూలు పెట్టుకోండి. మిల్లుల్లో దీనికి బ్లేడు వెనుక బాబిట్ అనే మెత్తని లోహం పోత పోసి పాత కొలతకు తెచ్చేవారట. పెద్దాయన ఆ పని గురించి చెబుతుంటే వినాలి, బంగారం పని చెప్పినట్టు చెబుతాడు.

సాన దగ్గర ఒకే మాట. నీళ్లు పోస్తూ, కొద్దికొద్దిగా. అంచు మీద నీలం రంగు కనిపించిందంటే అక్కడ ఉక్కు 300 డిగ్రీల దాకా కాలిందని అర్థం. చూడడానికి పదునుగానే ఉంటుంది, సాయంత్రానికి పోతుంది. చేతి గ్రైండరుతో పడితే ఇది తప్పదు, సర్ఫేస్ గ్రైండరు ఉన్న షాపుకే ఇవ్వండి.

పత్తి కట్టె విషయంలో మాత్రం మీకు నచ్చని మాట చెప్పాలి. వేళ్లతో సహా పీకిన పత్తి కట్టెను ఈ బ్లేడ్ల మీద వేయకండి. రేగడి మట్టి ముద్ద కట్టి ఉంటుంది, చెల్క అయితే మొరం రాళ్లు ఉంటాయి. ఎంత మంచి ఉక్కయినా గంటల్లో గీరుకుపోతుంది, నార షాఫ్టుకు చుట్టుకుంటుంది. వేరు కొట్టేసి కాండం మాత్రమే వేయండి. టన్నుల కొద్దీ పత్తి కట్టె చేయాలన్నదే మీ ఆలోచన అయితే దానికి బ్లేడ్లు కాదు, సుత్తెలు తిరిగే యంత్రం కావాలి. సుత్తె అంచుకు పదునుతో పని లేదు కాబట్టి మట్టి దాన్ని అంతగా ఏమీ చేయదు. ఒకే యంత్రంతో రెండు పనులూ చేయాలని నేనూ రెండు సీజన్లు ప్రయత్నించాను. ఇప్పుడు నా దగ్గర రెండు యంత్రాలున్నాయి.

బ్లేడు విప్పే ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి. మీ చక్రం 25 మిల్లీమీటర్ల మందం ఉంటే బరువు 55 కిలోలు. స్విచ్చు ఆపిన తర్వాత కూడా మోటారు ఒకటిన్నర సెకను పాటు చేసేంత పని అందులో నిలవ ఉంటుంది. చక్రం పూర్తిగా ఆగాక ఒక చెక్క ముక్క అడ్డం పెట్టి, అప్పుడే చేయి పెట్టాలి. కొత్త బ్లేడు బిగించాక ముందు చేత్తో రెండు చుట్లు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. కట్టె వేసే మనిషి మెడలో తువ్వాలు ఉండకూడదు.

మీ గద్దె వాలు ఎంత ఉందో, షాఫ్టు ఆట ఎంత వచ్చిందో కొలిచి రాయండి. బ్లేడు వెడల్పు, రంధ్రాల చోటు ఆ కొలతలను బట్టి గీసి పెడతాను. అవి తెలియకుండా బ్లేడ్లకు ఆర్డరు ఇవ్వకండి.