క్యాష్ ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: అన్నయ్యా, న్యూజెర్సీ ఎడిసన్‌లో మాది 1961లో కట్టిన స్ప్లిట్ లెవెల్ ఇల్లు. 2019లో కొన్నాం. రూఫ్ పాతబడింది, బేస్‌మెంట్‌లో తేమ, కిచెన్ కట్టినప్పటిదే. పోయిన నెల నా ఉద్యోగం పోయింది. హెచ్-1బి వీసా కాబట్టి 60 రోజులే, అందులో సగం అయిపోయాయి. ఇండియా వెళ్లిపోదామని ఇంట్లో అనుకుంటున్నాం. ఇంతలో మెయిల్‌బాక్సులో ఒక ఉత్తరం వచ్చింది. ఇల్లు ఉన్నదున్నట్టు కొంటాం, 3 లక్షల 60 వేల డాలర్లు క్యాష్, 10 రోజుల్లో క్లోజింగ్ (డబ్బు చేతికొచ్చి ఇల్లు పేరు మారడం) అని. ఒప్పేసుకోమంటారా?

జవాబు: తమ్ముడూ, ఈ వారం ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. రెండు వేర్వేరు గడువులు నీ మనసులో ఒకటైపోయాయి. ఉద్యోగం పోయాక ఇచ్చే 60 రోజులు (ఈ దేశంలో ఉండే గడువు రాసి ఉండే ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీ వరకు) నువ్వు ఈ దేశంలో ఉండడానికి సంబంధించినవి. ఇల్లు అమ్మడానికి అలాంటి గడువు ఎవరూ పెట్టలేదు. హైదరాబాద్‌లో ఉంటూ కూడా ఎడిసన్ ఇంటికి ఓనరుగా ఉండొచ్చు, అక్కడి నుంచే అమ్ముకోవచ్చు.

నా సంగతి చెప్తాను. 2013లో విజయవాడ నుంచి ఫోన్, నాన్నకి బాగోలేదని. అప్పుడు మేం 1958లో కట్టిన ఇంట్లో ఉన్నాం. కరెంటు స్తంభానికి కట్టిన ‘ఇళ్లు కొంటాం’ బోర్డు మీది నంబరుకి ఫోన్ చేశాను. మర్నాడే మనిషి వచ్చాడు, మర్యాదగా మాట్లాడాడు, అరగంటలో ఇల్లంతా చూసి ధర చెప్పాడు. సంతకం పెట్టేశాను. ఎనిమిదో రోజున, మేం టికెట్లు కొనుక్కున్నాక, మళ్లీ ఫోన్. పెరట్లో భూమిలో పాత హీటింగు ఆయిల్ ట్యాంకు బయటపడిందట, 35 వేలు తగ్గిస్తేనే కొంటారట. ఆ ట్యాంకు ఉందని నాకే తెలియదు. మేం కొనేనాటికే హీటింగు గ్యాసుకి మారిపోయింది. ఇంకొకర్ని వెతుక్కునే వ్యవధి లేక తగ్గించాను. పోయిన డబ్బు సంగతి అలా ఉంచు. ఆ వారమంతా నాన్న పక్కన కూర్చుని కూడా ఫోనే చూసుకుంటూ గడిపాను. అది ఇప్పటికీ బాధిస్తుంది. నీకు ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

మన ఊళ్లలో ఇల్లు అమ్మేటప్పుడు క్యాష్ అంటే వేరే అర్థం వస్తుంది. ఇక్కడ క్యాష్ ఆఫర్ అంటే కొనేవాడికి బ్యాంకు లోను అవసరం లేదని మాత్రమే. డబ్బు మొత్తం టైటిల్ కంపెనీ (ఇంటి హక్కు పత్రాలు సరిచూసి అమ్మకం పూర్తిచేసే సంస్థ) ద్వారా వైర్‌లోనే వస్తుంది, అంతా రికార్డులో ఉంటుంది. లోను లేదు కాబట్టి బ్యాంకు అప్రైజల్ (ఇంటి విలువ కట్టడం) ఉండదు, అందుకే తొందరగా అవుతుంది. ఆ తొందరకి నువ్వు ఎంత చెల్లిస్తున్నావో చూడు.

పాత ఇళ్లు కొని, బాగుచేసి, తిరిగి అమ్మేవాళ్లలో 70 శాతం లెక్క అని ఒకటి బాగా వాడుకలో ఉంది. బాగుచేశాక ఇల్లు ఎంతకి పోతుందో చూసి, అందులో 70 శాతం తీసుకుని, దాంట్లోంచి మరమ్మతుల ఖర్చు తీసేస్తారు. ఉదాహరణకి, నీ ఇల్లు బాగుచేస్తే 6 లక్షల 50 వేలు పలుకుతుంది అనుకుందాం. 70 శాతం అంటే 4 లక్షల 55 వేలు. మరమ్మతులకి 90 వేలు తీస్తే 3 లక్షల 65 వేలు. నీకు వచ్చిన ఉత్తరంలో అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిందా? వాళ్లు మోసం చేస్తున్నారని అనను. అది వాళ్ల వ్యాపారం. నీ లెక్క నువ్వు వేసుకోవాలి.

ఉన్నదున్నట్టు అమ్మాలంటే ఇలాంటి కంపెనీకే అమ్మాలని రూలేమీ లేదు. మామూలు రియల్టరు (ఇళ్ల ఏజెంటు) ద్వారా, మామూలు లిస్టింగులోనే (అమ్మకం ప్రకటనలోనే), మరమ్మతులు చేయం అని రాసి పెట్టొచ్చు. జె.పి. స్టీవెన్స్ హైస్కూల్ పరిధిలోనో, మెట్రోపార్క్ స్టేషన్‌కి దగ్గర్లోనో ఉంటే, కిచెన్ ఎంత పాతదైనా కొనే కుటుంబాలు ఉంటాయి. వాళ్లు చూసేది స్కూలు, రైలు, స్థలం. అలా 5 లక్షల 20 వేలకి పోయిందనుకో. కమిషన్ 5 శాతం వేసుకున్నా 26 వేలు, మూడు నెలలు ఇల్లు నిలబెట్టుకోవడానికి నెలకి నాలుగున్నర వేలు చొప్పున 13,500. ఇవి పోను 4 లక్షల 80 వేలు మిగులుతుంది. క్యాష్ ఉత్తరంకన్నా లక్షా 20 వేలు ఎక్కువ. ఇవి లెక్క చూపించడానికి వేసిన అంకెలే, నీ వీధిలో ఆర్నెల్లుగా అమ్ముడైన ఇళ్ల ధరలు తెప్పించుకుని ఇదే లెక్క మళ్లీ వెయ్యి. కమిషన్ కూడా బేరమాడొచ్చు. 2024 ఆగస్టు 17 నుంచి, కొనేవాళ్ల ఏజెంటుకి ఇంత ఇస్తామని లిస్టింగులో ప్రకటించే పద్ధతి పోయింది. ఆ భాగం నువ్వు ఇస్తావా లేదా అన్నది ఇప్పుడు విడిగా మాట్లాడుకోవాల్సిందే.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఎఫ్‌హెచ్‌ఏ లోనుతో (ప్రభుత్వ హామీ ఉన్న లోను) కొనేవాళ్లకి అప్రైజర్ వచ్చి రూఫ్ కనీసం రెండేళ్లు నిలుస్తుందా, పెయింటు పొట్టు రాలుతోందా అని చూస్తాడు. రూఫ్ మరీ పాడైతే వాళ్లు కొనలేరు. కన్వెన్షనల్ లోను (అలాంటి హామీ లేని మామూలు లోను) వాళ్లకి ఇంత కచ్చితం ఉండదు.

ఇక ఉన్నదున్నట్టు అనే మాట గురించి. దాని అర్థం మరమ్మతు చేయను అని. లోపం దాచొచ్చని కాదు. న్యూజెర్సీలో 2024 ఆగస్టు 1 నుంచి అమ్మేవాళ్లు ఇంటి పరిస్థితి తెలిపే ఫారం నింపి, కాంట్రాక్టు కుదరకముందే కొనేవాళ్లకి ఇవ్వాలి. వరద గురించి కూడా అందులో అడుగుతారు. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుఫాను వానకి మీ బేస్‌మెంట్‌లోకి నీళ్లు వచ్చి ఉంటే ఉన్నది ఉన్నట్టు రాసెయ్. 1978కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి లెడ్ పెయింటు గురించి ఫెడరల్ ఫారం విడిగా ఉంటుంది. తెలిసింది రాస్తే ధర కొంత తగ్గొచ్చు. దాస్తే మాత్రం నువ్వు ఇండియాలో ఉండగా ఇక్కడ కేసు పడుతుంది.

అందుకే లిస్టింగుకి ముందే ట్యాంక్ స్వీప్ (భూమిలో ఆయిల్ ట్యాంకు ఉందేమో పరికరంతో వెతకడం) చేయించు. కొన్ని వందల డాలర్లలో అయిపోతుంది. న్యూజెర్సీ పాత ఇళ్లలో ఇది మొదట చేయాల్సిన పని. ట్యాంకు లీకై మట్టి పాడైతే బాగుచేయించే భారం ఓనరు మీదే పడుతుంది. ఉందో లేదో నీకు ముందే తెలిస్తే, ఎనిమిదో రోజున ఫోన్ చేసి బెదిరించే అవకాశం ఎవరికీ ఉండదు. పొగ, కార్బన్ మోనాక్సైడ్ అలారాలు, కిచెన్ దగ్గర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చూసి ఊరి అధికారులు ఇచ్చే సర్టిఫికెట్ కూడా అమ్మకానికి కావాలి.

అన్నీ చూశాక కూడా క్యాష్ కంపెనీకే అమ్ముతానంటే నేను వద్దనను. ట్యాంకు లీకైనా, పునాది కుంగినా, లోను కట్టనందుకు బ్యాంకు వేయించే ఫోర్‌క్లోజర్ వేలం తేదీ పడినా అదే సరైన దారి కావొచ్చు. కానీ ఒక్కరితో సరిపెట్టుకోకు, కనీసం ముగ్గురి దగ్గర ఆఫరు తీసుకో. డబ్బు నిజంగా ఉందని బ్యాంకు నుంచి రుజువు అడుగు. కాంట్రాక్టులో కొనేవాళ్ల పేరు పక్కన "లేదా వారు బదలాయించినవారు" అనే అర్థం వచ్చే మాట ఉందేమో వెతుకు. ఉంటే అతను కొనేవాడు కాకపోవచ్చు, నీ కాంట్రాక్టునే ఇంకొకరికి అమ్ముకుని మధ్యలో లాభం తీసుకునేవాడు కావొచ్చు. ఆ ఇంకొకరు దొరక్కపోతే చివరి రోజున మాయమవుతాడు. కొందరు ఆ కాంట్రాక్టుని కౌంటీలో రికార్డు చేయిస్తారు, అప్పుడు ఇంకెవరికీ అమ్మలేక ఇరుక్కుపోతావు. బయానా సొమ్ము చెప్పుకోదగినంత ఉండాలి, ఇన్‌స్పెక్షన్ గడువు తర్వాత అది వెనక్కి పోకూడదు.

ఇంకొకటి. న్యూజెర్సీలో రియల్టరు తయారుచేసిన కాంట్రాక్టు అయితే, సంతకాలయ్యాక లాయరు చూసి మార్చడానికో, కాన్సిల్ చేయడానికో మూడు పనిదినాలు ఉండాలి. కంపెనీవాళ్లు సొంతంగా ప్రింటు చేసుకుని తెచ్చే కాగితంలో ఆ వెసులుబాటు ఉంటుందని అనుకోవద్దు. కాబట్టి అలాంటి కాగితాన్ని సంతకానికి ముందే లాయరుకి చూపించాలి.

టాక్సు సంగతి నీకు అన్నిటికన్నా ముఖ్యం. అమ్మే తేదీకి ముందు ఐదేళ్లలో మొత్తం రెండేళ్లు ఆ ఇంటికి ఓనరుగా ఉండి అందులో నివసించి ఉంటే, లాభంలో 2 లక్షల 50 వేలదాకా, భార్యాభర్తలు జాయింటుగా ఫైల్ చేస్తే 5 లక్షలదాకా ఫెడరల్ టాక్సు ఉండదు. 2019 నుంచి ఉంటున్నావు కాబట్టి, ఇల్లు వదిలాక ఇంకా దాదాపు మూడేళ్లు నీకు ఈ మినహాయింపు ఉంటుంది. రెండేళ్లు నిండనివాళ్లకి కూడా ఉద్యోగం పోయిన కారణంగా కొంత భాగం దొరకొచ్చు.

కానీ ఇండియా వెళ్లి టాక్సు లెక్కలో నాన్-రెసిడెంట్ అయ్యాక అమ్మితే ఫిర్ప్టా అనే చట్టం వర్తిస్తుంది. కొనేవాళ్లు అమ్మకం ధరలో 15 శాతం ఆపి ఐఆర్‌ఎస్‌కి (ఫెడరల్ టాక్సు శాఖకి) కట్టాలి. లాభంలో కాదు, మొత్తం ధరలో. అదే ఇంట్లో ఉండడానికి కొనే కుటుంబం అయితే, ధర 3 లక్షలు దాటి 10 లక్షలు మించకపోతే 10 శాతమే. అంటే 5 లక్షల 20 వేలకి కుటుంబానికి అమ్మితే 52 వేలు ఆగుతాయి. 3 లక్షల 60 వేలకి కంపెనీకి అమ్మితే 54 వేలు. తక్కువ ధరకి అమ్మి ఎక్కువ డబ్బు ఇరికించుకున్నట్టు అవుతుంది. అది పోయే డబ్బు కాదు, మరుసటి ఏడాది 1040-ఎన్ఆర్ (నాన్-రెసిడెంట్ల టాక్సు రిటర్ను) ఫైల్ చేస్తే కట్టాల్సిన టాక్సు పోను మిగతాది తిరిగొస్తుంది. క్లోజింగ్ లోపే 8288-బి ఫారం పెట్టుకుంటే ఆ ఆపే మొత్తాన్ని ముందే తగ్గించుకోవచ్చు. నాన్-రెసిడెంట్‌గా జాయింట్ ఫైలింగ్ సాధారణంగా కుదరదు, అప్పుడు ఎవరి వాటాకి వాళ్లు 2 లక్షల 50 వేలదాకా మినహాయింపు అడగాలి. డీడ్ (ఇంటి హక్కు పత్రం) మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయా చూడు. న్యూజెర్సీ కూడా నాన్-రెసిడెంట్ల దగ్గర క్లోజింగ్‌లో ముందుగా టాక్సు తీసుకుంటుంది, ధరలో 2 శాతానికి తగ్గకుండా. ఇది సొంత నివాసమని జీఐటీ/రెప్-3 ఫారం ఇవ్వగలిగితే ఆ కోత ఉండదు. నువ్వు ఏ తేదీ నుంచి నాన్-రెసిడెంట్ అవుతావో ఒక సీపీఏతో (టాక్సు అకౌంటెంటుతో) ముందే తేల్చుకో. వీలైతే ఇక్కడ ఉండగానే క్లోజింగ్ అయ్యేలా చూసుకో, కాకపోతే కంగారు పడకు.

ఖాళీగా వదిలి వెళ్తే ఇన్సూరెన్సు కంపెనీకి తప్పకుండా చెప్పు. ఇల్లు ఒకటి రెండు నెలలు ఖాళీగా ఉంటే చాలా పాలసీలు కొన్ని నష్టాలకి డబ్బివ్వవు. చలికాలం అయితే పైపుల్లో నీళ్లు పూర్తిగా తీయించు.

చివరగా పవర్ ఆఫ్ అటార్నీ, అంటే నీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం. నమ్మకమైన మనిషి పేరు మీద, ఈ ఇంటి అడ్రసు రాసి, టైటిల్ కంపెనీ ముందే చూసి ఒప్పుకున్న మాటలతో రాయించు. ఫ్లైట్ ఎక్కకముందే మీ ఇద్దరూ ఇక్కడి నోటరీ దగ్గర సంతకాలు పెట్టి, ఒరిజినల్ లాయరు దగ్గర ఉంచండి. ఇండియా వెళ్లాక అదే కాగితం కావాలంటే నానక్‌రామ్‌గూడలో అమెరికన్ కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసమో, అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ముద్ర) కోసమో ఎదురుచూడాలి, ఆపైన ఒరిజినల్‌ని కొరియర్‌లో ఇక్కడికి పంపాలి. ఈ శనివారం ఉత్తరం పట్టుకుని మా ఇంటికి రా, ఇద్దరం కూర్చుని చదువుదాం.